చెయ్యి లేస్తోందా అని మాత్రమే అడిగాను

1981లో నేను వికారాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తాండూరు పోయేదాన్ని. అక్కడ మా ఆసుపత్రికి చిన్న శాఖ ఉండేది. రెండు గదులు, ఒక బెంచీ, ఒక చెక్క బల్ల, ఒక షార్ట్‌వేవ్ డయాథర్మీ యంత్రం, అంతే. కండరాల లోపలిదాకా వేడిని పంపే యంత్రం అది. జనం దాన్ని కరెంటు డబ్బా అనేవారు, నన్ను మాలీష్ డాక్టరమ్మ అనేవారు. కిందామీదా పడి చదివి డిప్లొమా తెచ్చుకున్నదాన్ని, ఆ పేరు వింటే ఒళ్లు మండేది. "నేను డాక్టర్ను కాదు, మాలీషూ చెయ్యను" అని చెబితే, "మరేం జేస్తవమ్మా?" అని ఎంతో అమాయకంగా అడిగేవారు.

అక్కడ నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా నాపరాయి గనుల కూలీలు. నడుము పట్టేసినవాళ్లు, బండ జారి వేళ్లు నలిగినవాళ్లు. ఆటలాడేవాళ్లు వచ్చేవారు కాదు. అందుకే ఆ జనవరిలో ఒక శుక్రవారం ఒక డ్రిల్లు మాస్టారు ఆడపిల్లను వెంటబెట్టుకొని వస్తే కొత్తగా అనిపించింది. ఆయన పేరు వీరేశం. ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. మెడలో విజిల్, చంకలో హాజరు పుస్తకం, మాటలో తొందర.

"మేడం, గీ పిల్ల మా స్కూలుకు బంగారం. జబ్బ పట్టేసింది, జర కరెంటు పెట్టి పంపుండ్రి. రేపే స్టేట్ టీం సెలక్షన్ ఉన్నది" అన్నాడు.

ఆ పిల్ల బీరమ్మ. పదో తరగతి. దౌల్తాబాద్ దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే కురుమల ఇంటి పిల్ల, తాండూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆడేది సాఫ్ట్‌బాల్. అమెరికా వాళ్ల బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటి ఆట అది. బంతి వేసే పిల్ల కిందినుంచి వేస్తుంది గానీ, దూరంగా నిలబడి బంతిని ఆపే పిల్లలు మాత్రం చెయ్యి తల మీదినుంచి తిప్పి బలంగా విసరాలి. బీరమ్మ పని అదే. చిన్నప్పటినుంచీ జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలిన పిల్ల. మైదానం ఆ చివరినుంచి ఆమె విసిరిన బంతి నేల తాకకుండా వచ్చి చేతిలో పడుతుందని వీరేశం గొప్పగా చెప్పాడు.

"స్టేట్ ఆడితె డ్రిల్లు టీచర్ ట్రైనింగ్ల సీటొస్తదంటమ్మా" అంది బీరమ్మ. "లేకుంటె మల్ల గొర్ల ఎన్కనే."

ఆ పిల్ల అన్న రెండు మాటల్లోనే అంతా ఉంది. ఊళ్లో ఆడపిల్ల పదో తరగతి దాకా రావడమే గొప్ప. అక్కడినుంచి ముందుకు పోవడానికి ఆమెకున్న దారి ఆ కుడి చెయ్యి ఒక్కటే.

ఆ కుడి భుజానికేమో, కుస్తీలు నేర్పే తాలీంఖానాలోని పహిల్వాన్ వేసిన పట్టీ ఉంది. గుడ్డుసొన, పిండి కలిపి పట్టించి బిగించి కట్టాడు. నీచు వాసన కొడుతున్న ఆ పట్టీని విప్పడానికే సగం సేపు పట్టింది. విప్పి, "చెయ్యి పైకెత్తు బిడ్డా" అన్నాను. ఎత్తింది. మోచెయ్యి చెవికి ఆనింది. "నొస్తుందా?" అని అడిగాను. వీరేశం మొహం చూసి, "నొస్తలేదమ్మా" అంది. వీపు వెనక్కి పెట్టమన్నాను. మళ్లీ ఆయన మొహం చూసి, పెట్టింది. "ఇప్పుడు?" "నొస్తలేదమ్మా."

ఆ చూపులు నేను చూశాను. చూడలేదని అబద్ధమాడను. బయట బెంచీ మీద గనుల కూలీలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు, నా రైలుకు టైమవుతోంది. చెయ్యి లేస్తోంది కదా, నొప్పి లేదంటోంది కదా అనుకున్నాను. కాసేపు వేడి పెట్టి, ఆడవచ్చని చీటీ రాశాను. పక్క గదిలోని డ్యూటీ డాక్టరు దాని కింద సంతకం పెట్టాడు. వీరేశం ఆ చీటీని మడిచి, హాజరు పుస్తకంలో భద్రంగా పెట్టుకున్నాడు.

మంగళవారం నేను రైలు దిగి వచ్చేసరికి ముగ్గురు గుమ్మంలో ఉన్నారు. బీరమ్మ, వీరేశం, ఊరినుంచి వచ్చిన బీరమ్మ తల్లి అంజమ్మ. సెలక్షన్లో మొదటి మూడు త్రోలు చూసి అందరూ నోళ్లు తెరిచారట. నాలుగోది విసరగానే భుజం వెనక ఏదో కలుక్కుమందట, బంతి ఆమె కాళ్ల దగ్గరే పడిందట. మూడు త్రోల పుణ్యాన పేరు లిస్టులో ఎక్కింది గానీ చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

నేనేమీ అడగకముందే వీరేశం, "మీరే గద మేడం ఫిట్ అని రాసిచ్చింది" అన్నాడు.

తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. ఆయన్ను బయటికి పంపి తలుపు వేశాను. నాలుగు రోజుల కింద చెయ్యాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, పిడికిలిని బయటి వైపుకు నా అరచేతి మీద తొయ్యమన్నాను. దీన్ని ఎక్స్‌టర్నల్ రొటేషన్ అంటారు, భుజాన్ని బయటి వైపుకు తిప్పడం. ఎడమ చెయ్యి నన్ను నెట్టేసింది. కుడి చేతిలో చిన్నపిల్ల బలం కూడా లేదు. వెనక్కి తిప్పి చూస్తే, భుజం రెక్క ఎముక మీద కండ ఉండాల్సిన చోట చిన్న గుంట. నాలుగు రోజుల్లో పడిన గుంట కాదది. నెలల తరబడి కండ కరిగితే పడే గుంట. శుక్రవారం రవిక కొంచెం జరిపి చూసి ఉంటే కనిపించేది.

"ఇంతకుముందు ఎప్పుడన్న నొచ్చిందా?" అని తల్లిని అడిగాను.

"ఊర్ల ఉన్నప్పుడు ఏనాడు జబ్బ నొస్తదనలేదమ్మా" అంది అంజమ్మ. "పొద్దుగాల లేసి ఇర్వై బొక్కెన్ల నీళ్లు చేదేది. మా బాయికి గిలక గూడ లేదు. వచ్చి సల్ల చిలికేది. మల్ల పొద్దూకితె గొర్లకు నీళ్లు చేదేది. గిప్పుడైతె ఏం పని లేదు. సారు ఇంటికొచ్చి జెప్పిండు, గీమె చేతులు ఖరాబైతయి, తాడు ముట్టనియ్యొద్దని. దసరాకొచ్చినా ఒక్క బొక్కెన చేదనియ్యలె. రాణి లెక్క కూసోబెట్టినం."

హాస్టల్లోనూ అదే మర్యాద. ఛాంపియన్ నీళ్లు తోడకూడదని, ఆమె వంతు మిగతా పిల్లలు తోడేవారు. ఆమెకు పాలు, గుడ్లు, రోజూ నూరు దండీలు, నూటయాభై త్రోలు. దండీలంటే నేల మీద చేతులు ఆనించి లేచి దిగడం, తాలీంఖానాలో పహిల్వాన్లు చేసేవి. ఇవన్నీ జూన్ నుంచి. వార్మప్ ఏం చేస్తారని అడిగితే, "గ్రౌండ్ సుట్టు రెండు రౌండ్లు ఉరుకుతం" అంది బీరమ్మ.

అప్పుడు నాకు అర్థమైంది. చదివేవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. భుజం కీలు చుట్టూ నాలుగు చిన్న కండరాలు ఉంటాయి. వీటిని రొటేటర్ కఫ్ అంటారు. బంతిని విసిరేది ఛాతీ, వీపుల్లోని పెద్ద కండరాలు. బంతి చేతినుంచి పోయాక, అదే వేగంతో దూసుకుపోతున్న చేతిని పట్టి ఆపేది మాత్రం భుజం వెనక ఉండే ఈ చిన్న కండరాలు. అనంతగిరి ఘాటు దిగే బస్సుకు ఇంజను ఎంత గట్టిదైనా బ్రేకు లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్లో తాడు లాగి నీళ్లు చేదడం, కవ్వం తాడును ఒకసారి ఈ చేత్తో ఒకసారి ఆ చేత్తో లాగడం, ఇవి ఆ బ్రేకులకు రోజూ దొరికిన వ్యాయామం. దండీలేమో ముందు కండరాలకు. మనవాళ్లు ఆ పిల్లను గొప్పదాన్ని చేస్తున్నామనుకొని బ్రేకులు ఊడదీశారు, ఇంజను పెంచారు, రోజుకు నూటయాభై సార్లు ఘాటు దింపారు.

మర్యాద చేసి చెయ్యి విరగ్గొట్టడం మన దగ్గరే చూశాను. మన ఊళ్లలో ఒక మనిషి పైకి వచ్చిందంటే మొదట చేసే పని, ఆమె చేత పని మాన్పించడం.

ముందు నా మీద నాకే కోపం వచ్చిందని రాస్తే వినడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే తలుపు తీసి ముందు వీరేశం మీదే అరిచాను.

"నూటయాభై త్రోలు వేయించమని మీకెవరు చెప్పిన్రు?"

"ఆటంటె గట్లనే ఉంటది మేడం. మీరు మాలీష్ జేసెటోళ్లు. ఆట సంగతి మీకేం దెల్సు?"

"ఆట సంగతి తెల్వదు. భుజం సంగతి తెలుసు. మూడు నెలలు ఈ పిల్ల బంతి ముట్టొద్దు."

"మార్చిల వేరే రాష్ట్రం టీములతోని మ్యాచులున్నయి. మూడు నెలలంటె సీటు పోతది. ఆమె బతుకు ఖరాబ్ జేస్తరా?"

"బతుకు ఖరాబ్ చేసింది చాలు" అన్నాను. అన్నాక, అందులో నా వాటా కూడా ఉందని గుర్తొచ్చింది. బెంచీ మీది కూలీలు తమ నడుం నొప్పులు మరిచి మా తమాషా చూస్తున్నారు.

బీరమ్మ ఏడ్చింది గానీ నేను చెప్పినట్టు చేసింది. సైకిల్ దుకాణంలో పాత ట్యూబు తెప్పించి, పొడుగ్గా కోసి కిటికీ చువ్వకు కట్టాను. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, అది జారకుండా ట్యూబును బయటికి లాగాలి. పదిహేను సార్లు, ఆగి మళ్లీ పదిహేను. తర్వాత బల్ల మీద బోర్లా పడుకొని, చిన్న నాపరాయి ముక్క పట్టుకొని చెయ్యిని పక్కకు లేపాలి. బరువు ముఖ్యం కాదు, నెమ్మదిగా దించడం ముఖ్యం, ఆ దించడంలోనే బ్రేకులకు పని. నెల దాటాక హాస్టల్ వార్డెన్‌తో పోట్లాడి, రోజుకు నాలుగు బొక్కెనల నీళ్లు ఆమె చేత తోడించాను. "ఛాంపియన్ మల్ల బాయి కాడికొచ్చింది" అని పిల్లలు నవ్వారట. "నవ్వనియ్యి, లాగు" అన్నాను.

ఆరో వారానికి పిడికిలి నా అరచేతిని కాస్త నెట్టింది. ఆ రోజు ఆ పిల్ల నవ్వడం మొదటిసారి చూశాను. "ఇంకెన్ని దినాలమ్మా?" అని అడిగింది. ఇంకో రెండు నెలలు, తర్వాత దగ్గరి త్రోలు, మెల్లగా దూరం పెంచుదాం అన్నాను. సీటు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాను. పదో తరగతి అయిపోతే వచ్చే ఏడు ఆమెను హాస్టల్లో ఎవరు ఉంచుకుంటారన్నది నేను ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది. తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి వెళ్లింది.

తర్వాతి మంగళవారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. హాస్టలుకు పోయి అడిగితే వార్డెన్, "సారు పట్నం దీస్కపోయిండమ్మా, సూది ఇప్పిస్తనని" అంది.

పట్నంలో ఎవరో భుజం కీలులోకి ఇంజెక్షన్ ఇచ్చారు. అది నొప్పిని, వాపును తగ్గిస్తుంది. తెగడానికి సిద్ధంగా ఉన్న కండకు అతుకు వేయదు. నొప్పి అన్నది ఒంటికి కాపలా మనిషి. అతని నోట్లో గుడ్డలు కుక్కి ఆ పిల్లను మైదానంలో నిలబెట్టారు. రెండు మ్యాచులు ఆడింది. అద్భుతంగా విసిరిందట. టీం గెలిచింది. బీరమ్మ చేతికి సర్టిఫికెట్ వచ్చింది.

వారం తిరక్కుండా ఆ పిల్ల నా బల్ల ముందు నిలబడి, "అమ్మా, జడ ఏస్కుందమంటె రెక్క లేస్తలేదు" అంది.

చెయ్యి భుజం ఎత్తుదాకా కూడా రావడం లేదు. వికారాబాద్‌లో సెలవు పెట్టి నేనే ఆమెనూ అంజమ్మనూ పట్నంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కండను ఎముకకు అంటిపెట్టే టెండన్ తెగిపోయిందన్నాడు. ఆపరేషన్ చేసినా విసరగలుగుతుందన్న నమ్మకం లేదన్నాడు. అంజమ్మ, "ఉన్న రెక్కనన్న ఉండనియ్యమ్మా" అని చేతులు జోడించింది. తిరుగు రైల్లో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏం మాట్లాడినా తిట్టే అయ్యేది, తిట్టడానికి అక్కడ ఉన్నది వాళ్లిద్దరే.

బీరమ్మ ట్రైనింగు కాలేజీకి సర్టిఫికెట్ పట్టుకొని పోయింది. సర్టిఫికెట్ బాగానే ఉంది, ఇక ఇనుప గుండు విసిరి చూపించమన్నారు. ఆమె ఎడమ చేత్తో విసిరింది. సీటు రాలేదు.

ఆ వేసవి సెలవులకు ముందు స్కూల్లో వీరేశానికి సన్మానం పెట్టారు. పల్లెటూరి పిల్లను రాష్ట్ర జట్టులో నిలబెట్టిన గురువు కదా. నన్నూ పిలిచారు, వైద్య సాయం చేసినందుకట. పోకూడదనుకున్నాను. బీరమ్మ వస్తుందని తెలిసి పోయాను. శాలువా కప్పారు, పెద్దలు మాట్లాడారు. చివరికి శిష్యురాలు గురువుకు పూలదండ వేస్తుందని చెప్పి బీరమ్మను వేదిక మీదికి పిలిచారు. ఆమె దండను రెండు చేతులతో పట్టుకుంది. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగింది. దండ ఒక పక్కకు ఒరిగింది. ఆమె పళ్లు బిగించి ఇంకోసారి ఎత్తబోయింది. అప్పుడు వీరేశం ఆమె ముందు నడుం దాకా వంగి, తల దండలో పెట్టాడు. ఆయన వినయానికి జనం చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. లేచి నిలబడి జరిగిందంతా చెప్పాలనుకున్నాను. నాకు నోరు లేక కాదు. చెబితే ఆ హాజరు పుస్తకంలోంచి నా చీటీ బయటికి వస్తుంది. ఆ భయంతో కుర్చీలోంచి కదల్లేదు. ఇన్నేళ్లయినా వీరేశం మీద నా కోపం తగ్గలేదు. ఆ కుర్చీలో కూర్చున్నదాని మీద అసలే తగ్గలేదు.

మర్నాడే హెడ్మిస్ట్రెస్ దగ్గరికి పోయి, ముందు నా చీటీ సంగతి చెప్పాను, తర్వాత మిగతాదంతా. ఆవిడ, స్కూళ్లు తెరిచాక బంతి ఆటలాడే ప్రతి పిల్లా ఆటకు ముందు ట్యూబు వ్యాయామాలు చెయ్యాలనీ, త్రోలకు లెక్క ఉండాలనీ, హాస్టల్లో ఎవరి వంతు నీళ్లు వాళ్లే తోడుకోవాలనీ ఆర్డరు వేసింది. వీరేశం మొహం మాడ్చుకున్నాడు. ఆ మరుసటి ఏడు బదిలీ మీద పోయాడు. పోయిన చోట కూడా పిల్లల చేత నూటయాభై వేయించే ఉంటాడు.

ఈ కేసు నేర్పింది తర్వాత నా పనిలో ప్రతి రోజూ వాడుకున్నాను. చెయ్యి లేస్తోందా అని అడిగి వదిలెయ్యలేదు. ఏ పనికి ఆ చెయ్యి కావాలో ఆ పని నా కళ్ల ముందు చేయించి చూడకుండా ఎవరికీ చీటీ రాయలేదు. వెంట వచ్చినవాళ్లను గది బయటే ఉంచాను. ఏం పని చేస్తున్నావని అడిగాక, ఈ మధ్య ఏం పని మానేశావని కూడా అడిగాను. మొదటి ప్రశ్న కంటే ఈ రెండోదే ఎక్కువ సంగతులు చెప్పేది.

స్కూల్లో పిల్లలకు ట్యూబులు పట్టించడానికి వారంలో రెండు రోజులు నేను సరిపోలేదు. ఒక మనిషి కావాలని నేను అడిగితే హెడ్మిస్ట్రెస్ బీరమ్మను హాస్టల్లో ఆయాగా పెట్టుకుంది. మొదటి రోజు సాయంత్రం ఇద్దరం కలిసి వరండా చువ్వలకు వరసగా ట్యూబులు కడుతున్నాం. ఆమె ఎడమ చేత్తో, పళ్లతో ముళ్లు బిగిస్తోంది.

"గిది ఎవలైన జెయ్యొచ్చు గదమ్మా. పాత ట్యూబే గద" అంది. "గంటల నేర్సుకునే పని. మరి నాకెందుకు జెప్పలే, ముందుగాల?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

"నువ్వు సారు మొహం చూసుడు నేను చూసిన బిడ్డా" అన్నాను. "చూసి గూడ నిన్ను అడగలేదు."

ఆమె ట్యూబును ఒకసారి లాగి ముడి గట్టిగా ఉందో లేదో చూసుకొని, వరండా చివర నిలబడ్డ పిల్లల్లో మొదటిదాన్ని రమ్మని పిలిచింది.